సహకార బ్యాంకుల దొంగలు – వారి జాడ దీయు విద్య

మన సంఘముల లెక్కలు అట్టపుస్తకములను విడిచి కంప్యూటరులలోనికి పోవుచున్నవి. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరులతో కలుపుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించిరి. ఇది మంచి పనియే. రైతు తన ఖాతాను తాను వెంటనే చూచుకొనవచ్చును. గుమాస్తా కొట్టివేసి వ్రాసిన అంకెలను గూర్చిన తగవులు తగ్గును. కాని ధాన్యమును గాదెకు ఎత్తినవాడు ఎలుకల సంగతి గూడ ఆలోచింపవలెను గదా! ఈ క్రొత్త గాదెకు కన్నము వేయువారు మన ఊరివారు కారు. సముద్రముల కావల కూర్చుండి మన తాళములు తీయగలవారు.

అట్టివారి రాకను ముందుగ పసిగట్టుటకు ఒక విద్య యేర్పడినది. దానిని ఇంగ్లీషువారు సైబర్ థ్రెట్ ఇంటెలిజెన్స్ అందురు. మన పెద్దలు శత్రురాజుల సంగతులు తెలిసికొని వచ్చువానిని వేగువాడనిరి. కావున దీనిని వేగు విద్య యని పిలిచినచో తప్పు లేదు. దీనికి పాఠములున్నవి, పరీక్షలున్నవి, యోగ్యతాపత్రములున్నవి. తమ కుమారుల నీ చదువునకు పంపవచ్చునా యని సభ్యులు కొందరు మమ్ము అడిగియున్నారు. అందొకరు మెట్టచేను తాకట్టు పెట్టుటకు గూడ సిద్ధపడినారు. మేము పొలముల వెంట తిరుగు వారమే గాని కంప్యూటరు పండితులము కాము. అయినను తెగుళ్లను పురుగులను వెదకుటలో మాకు గల అలవాటు ఈ విద్యను అర్థము చేసికొనుటకు చాల ఉపకరించెను.

ముందుగ అమెరికా దేశపు సంగతి యొకటి చెప్పెదము. అది రైతు సంఘములకే సంబంధించినది. అయోవా రాష్ట్రములో ఫోర్ట్ డాడ్జ్ పట్టణమున న్యూ కోఆపరేటివ్ అను రైతుల ధాన్య సంఘము గలదు. 2021 సెప్టెంబరులో, కోతలు ఆరంభమగు దినములలో, బ్లాక్‌మేటర్ అని పేరు పెట్టుకొన్న ముఠా యొకటి ఆ సంఘపు కంప్యూటరులలో జొరబడి, దస్తరములకు తాళము వేసి, తాళపుచెవి నిచ్చుటకు 59 లక్షల డాలర్లు అడిగెను. ఆ నెలలోనే మిన్నెసోటా రాష్ట్రమునందలి క్రిస్టల్ వ్యాలీ అను మరియొక రైతు సంఘమునకును ఇట్టి ఆపదయే వచ్చెను. ఈ విధమగు దోపిడిని రాన్సమ్‌వేర్ అందురు.

2022 ఏప్రిల్ 20వ తేదీన ఆ దేశపు నేరపరిశోధక శాఖ యగు ఎఫ్.బి.ఐ. వారు హెచ్చరిక యొకటి ప్రకటించిరి. 2021 కోతకాలమున ఆరు ధాన్య సంఘముల మీదను, 2022 ఆరంభమున మఱి రెండింటి మీదను దాడులు జరిగెననియు, ఈ రెండింటి వలన విత్తనముల యెరువుల సరఫరా చెడి విత్తుకాలమునకు ఇబ్బంది కలుగవచ్చుననియు, దొంగలు ఇకముందును విత్తుకాలమును కోతకాలమును చూచి కొట్టవచ్చుననియు అందు వ్రాసిరి. ఈ హెచ్చరిక యొక్క విలువ యెక్కడ నున్నదో చూడుడు. ఏ సంఘమునకు ఆ సంఘపు కష్టమే తెలియును. ఎనిమిది సంఘముల సంగతులను ఒక బల్లమీద చేర్చి, తేదీలను సేద్యపు పనుల క్రమముతో పోల్చినప్పుడు గాని ఇది కాలము చూచి చేయు దొంగతనమని తేలదు. పైరు కోసి బండిలో వేసికొని వచ్చిన రైతును పదిరోజులు ఆగుమనుట యెట్లు? అట్టి వేళ సంఘము అడిగినంత యిచ్చి వదిలించుకొనునని దొంగ లెక్క. చెదరియున్న వార్తలను కూర్చి, ఇకముందు జరుగబోవుదానిని అంచనా వేసి, పని చేయవలసినవానికి వేళకు చెప్పుటయే ఈ విద్య.

వేళకు అను మాటను మేము ఊరక వ్రాయలేదు. 2018 ఆగస్టు 11, 13 తేదీలలో పూనా నగరపు కాస్మాస్ సహకార బ్యాంకునుండి 94 కోట్ల రూపాయలకు పైగా దొంగలు కొల్లగొట్టిరి. బ్యాంకుకు నిజముగా జవాబు చెప్పవలసిన యంత్రము స్థానమున వారు దొంగయంత్రము నొకదానిని నిలిపిరి. ఏ కార్డు పెట్టినను అది ‘సరే, ఇమ్ము’ అని జవాబు చెప్పెను. 28 దేశములలోని ఏ.టి.ఎం.ల నుండి సొమ్ము తీసిరి. ఆశ్చర్యమేమనగా, ఆగస్టు 10వ తేదీన, అనగా ముందటి దినముననే, ఇట్టి ప్రపంచవ్యాప్తమగు ఏ.టి.ఎం. దోపిడి కొలది దినములలో జరుగబోవుచున్నదని ఎఫ్.బి.ఐ. వారు బ్యాంకులకు రహస్యముగ తెలిపియుండిరి. కాని యే బ్యాంకు కార్డులకు ముప్పో అందు లేదు. మిడుతల దండు వచ్చుచున్నదని చెప్పి యే తాలూకాకో చెప్పకున్నచో, అదియు దండు వచ్చుటకు ముందటి రాత్రి చెప్పినచో, రైతు డప్పు వెదకికొనులోపలనే చేను పోవును.

మన తెలుగునాటి సంగతియు గలదు. 2022 జనవరిలో హైదరాబాదునందలి ఏ.పి. మహేష్ సహకార అర్బన్ బ్యాంకులో 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము ఇట్లే పోయెను. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఇమెయిలును తెరచుటయే దొంగకు ద్వారమయ్యెనని పోలీసువారు తేల్చిరి. మరుసటి సంవత్సరము రిజర్వు బ్యాంకువారు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించిరి. 2024 జూలై 31న సి-ఎడ్జ్ అను కంపెనీకి రాన్సమ్‌వేర్ తగులగా, దాని యంత్రముల మీద ఆధారపడిన సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు నిలిపివేయవలసి వచ్చెను. వానిలో సహకార బ్యాంకులును గ్రామీణ బ్యాంకులును గలవు. మరునాటికి చక్కబడినది గనుక సరిపోయెను. ఆ బ్యాంకులలో పెక్కు తామేమియు తప్పు చేయలేదు. కాలువ తలకట్టు దగ్గర గండిపడిన, క్రింది చేలవాడు తన గట్టు ఎంత గట్టిగ వేసికొన్నను లాభమేమి?

ఇక ఆ విద్యను ఎట్లు నేర్పుదురో చెప్పెదము. మొదటి పాఠము కంప్యూటరును గూర్చినది కాదు, ప్రశ్నను గూర్చినది. దీపపు ఎరలో రాత్రికి ఇన్ని రెక్కల పురుగులు పడెనని చెప్పుట వార్త. ఆ లెక్కను పైరు వయస్సుతోను గాలిలోని తేమతోను చేర్చి, ‘ఈ వారము మందు చల్లవలెనా, ఆగవలెనా’ అన్న రైతు ప్రశ్నకు జవాబు చెప్పుట వేగు. ఎవరి కొరకు, ఏ నిర్ణయము కొరకు అని తెలియక వార్తలు పోగుచేయువాడు చిత్తుకాగితముల వ్యాపారియే యగును. కావున ముందు యజమాని ప్రశ్నను వ్రాయింతురు; తరువాత వార్తలు సేకరించుట, శుభ్రపరచుట, విమర్శించుట, అందజేయుట, అందినవాడు చెప్పిన లోపములను బట్టి మరల ప్రశ్నను దిద్దుకొనుట – ఈ చక్రమును త్రిప్పించుచుందురు.

రెండవది దొంగ నడకను దశలుగ విడదీయుట. లాక్‌హీడ్ మార్టిన్ అను విమాన కంపెనీవారు 2011లో ఒక వ్యాసమున దీనిని ఏడు దశలుగ వ్రాసిరి: ఇల్లు చూచుకొనుట మొదలు, ఆయుధము సిద్ధము చేసికొని, పంపి, తలుపు తీయించి, లోపల కాపురముండి, బయటివానితో మాటలాడి, కడపట కోరిన పని చేసికొనుట వరకు. గ్రుడ్డు, పురుగు, ప్యూపా, రెక్కల పురుగు అని మేము మీకు చెప్పుచుండు దాని వంటిదే. ఏ దశలో త్రుంచినను గొలుసు తెగును. ముందు దశలో త్రుంచిన ఖర్చు తక్కువ.

2013లో డేవిడ్ బియాంకో అనునాయన చెప్పిన మాట యొకటి మాకు మిక్కిలి నచ్చినది. దొంగ వాడిన కంప్యూటరు చిరునామాను కనిపెట్టి అడ్డగించిన, వాడు గడియలో వేరొక చిరునామా తెచ్చుకొనును. వాని పనిముట్టును గుర్తించిన, క్రొత్తది చేయించుకొనుటకు వానికి కొంత శ్రమ. వాని అలవాటునే, అనగా పని చేయు తీరునే, గుర్తించి అడ్డగించితిమా, వాడు వృత్తినే మరల నేర్చుకొనవలెను. వరిలో కాండము తొలుచు పురుగుకు రెక్కల పురుగులను ఒక్కటొక్కటిగ పట్టి చంపిన ఎన్నాళ్లకు తీరును? అది ఆకు కొనలయందు గ్రుడ్లు పెట్టునని తెలిసికొని నాటునప్పుడే నారుకొనలు త్రుంచుట, కొయ్యకాళ్లలో దాగునని తెలిసికొని కోత కాగానే దున్నుట – ఇది అలవాటు మీద దెబ్బ. దొంగల అలవాట్లనన్నిటిని పట్టికగా వ్రాసి మైటర్ అను అమెరికా సంస్థవారు 2015 నుండి లోకమునకు ఉచితముగ ఇచ్చుచున్నారు. అటాక్ అని దాని పేరు. ఈ విద్యార్థులు దానిని నిఘంటువువలె తిరుగవేయుచుందురు.

అన్నిటికంటె కష్టమైనది తన మనస్సును తాను శంకించుట. పసుపుబారిన వరిమడిని చూచి ఒకడు నత్రజని చాలలేదనును, ఒకడు జింకు లోపమనును, ఒకడు టుంగ్రో తెగులనును. పసుపురంగు మూటికిని చెల్లును గనుక అది సాక్ష్యమే కాదు. ముదురాకులు మడి యంతట సమముగ పసుపుబారెనా? ఆకులపై త్రుప్పు మచ్చలున్నవా? అక్కడక్కడ గుంపులుగ మొక్కలు గిడసబారి, పచ్చ దీపపు పురుగులు కనబడుచున్నవా? ఏ గుర్తు ఏ మాటను కొట్టివేయునో చూచుటయే పద్ధతి. తనకు నచ్చిన మాటకు సాక్షులను పోగుచేయుట పద్ధతి కాదు. అమెరికా వేగుశాఖలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ అను పండితుడు దీనిని శాస్త్రముగ వ్రాసెను. ఆయన గ్రంథము 1999లో వెలువడినది. నేటికిని ఈ పాఠశాలలలో అది చదువక గడవదు.

దాని యవసరమునకు మంచి తార్కాణము 2018 ఫిబ్రవరిలో కొరియా దేశపు ప్యాంగ్‌చాంగ్ నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలు. ప్రారంభోత్సవపు వేళ అక్కడి కంప్యూటరులను ఒక దుష్టప్రోగ్రాము పాడుచేసెను. దానిలో ఉత్తర కొరియా ముఠా యొక్క గుర్తు కనబడెను. తొందరపడినవారు వారే దొంగలనిరి. కాస్పర్‌స్కీ కంపెనీలోని పరిశోధకులు ఆ గుర్తును ప్రోగ్రాములోని తక్కిన భాగముతో సరిపోల్చి, రెండును పొసగకుండుట చూచి, అది కావలెనని అతికించిన దొంగముద్ర యని తేల్చిరి. 2020 అక్టోబరులో అమెరికా ప్రభుత్వమువారు రష్యా సైనిక వేగుశాఖ యుద్యోగులపై ఆ నేరము మోపిరి. పొరుగువాని చెప్పులు తొడిగికొని చేనిలో నడచిన దొంగ కథ మనకు క్రొత్తది కాదు. ఆ అడుగులను చూచి పొరుగువానిపై కఱ్ఱ యెత్తినవారును మనలో గలరు.

మాటల బరువును గూర్చియు పాఠము కలదు. 1951లో అమెరికా వేగుశాఖవారు యుగోస్లావియా దేశముమీద దాడి ‘జరుగుటకు గట్టి అవకాశము కలదు’ అని వ్రాసిరి. ఆ మాటకు అర్థమేమని షెర్మన్ కెంట్ అను అధికారి తనతోపాటు దానిని వ్రాసినవారినే అడుగగా, ఒకడు నూటికి 20 పాళ్లనెను, మరియొకడు 80 పాళ్లనెను! ఆయన 1964లో దీనినిగూర్చి వ్యాసము వ్రాసెను. నాటినుండి ఏ మాటకు ఎన్ని పాళ్లో ముందే నిర్ణయించుకొని వ్రాయుట పద్ధతి యయినది. మన వాతావరణ శాఖవారు ‘ఒకటి రెండు చోట్ల’ వర్షము అన్నప్పుడు నూటికి 25 కేంద్రములకు మించదని అర్థము. ఆ సంగతి తెలియని రైతు తన చేనిలో పడలేదని వారిని తిట్టును.

వార్తను ఎవరెవరికి చెప్పవచ్చునో తెలుపుటకు రంగులు గూడ నేర్పుకొన్నారు. ఎరుపు ముద్ర యున్న దానిని విన్నవాడు మరియొకనికి చెప్పరాదు; కాషాయపు ముద్ర గలది అవసరమున్న తనవారికి మాత్రమే; ఆకుపచ్చ తన వర్గమువారందరికి; ముద్రపేరు ‘క్లియర్’ అయిన లోకమునకంతకు. 2022లో ఈ నియమములను సవరించిరి. పురుగుమందు డబ్బామీది ముక్కోణపు రంగులను చదువనేర్చిన మన సభ్యులకు ఇది కష్టము కాదు.

ఇక పరీక్షల మాట. అమెరికాలోని శాన్స్ సంస్థవారి పాఠము ఒకటి. దాని మీద జి.ఐ.ఎ.సి. వారు పరీక్ష జరిపి జి.సి.టి.ఐ. అను యోగ్యతాపత్రము నిత్తురు. ఈ పరీక్షకు అచ్చుపుస్తకములను వెంట తీసికొనిపోనిత్తురు. కంఠస్థమునకు అక్కడ విలువ తక్కువ. పత్రము 4 సంవత్సరములే చెల్లును. తరువాత 36 మార్కుల విలువ గల క్రొత్త చదువును చూపించి తిరుగవ్రాయించుకొనవలెను. ఇ.సి. కౌన్సిల్ వారి సి.టి.ఐ.ఎ. పరీక్షలో 50 ప్రశ్నలు, 2 గంటల కాలము. ఇంగ్లాండునందలి క్రెస్ట్ అను సంఘమువారు మూడు మెట్లు కట్టిరి: మొదటి దానికి సుమారు 2,500 గంటల అనుభవము, రెండవదానికి 6,000, ముఖ్యాధికారి పరీక్షకు 10,000 గంటలు ఉండవలెనని వారి అంచనా. మా అభిప్రాయమున ఈ మూడవ పద్ధతియే న్యాయము. 2014 నుండి ఇంగ్లాండు బ్యాంకువారు తమ దేశపు పెద్ద బ్యాంకుల మీద జరిపించు మారుదాడి పరీక్షలలో ఇట్టి గుర్తింపు గల వేగువారిని నియమించుచున్నారు.

తాకట్టు పెట్టబోయిన సభ్యునికి మేము చెప్పిన జవాబును ఇక్కడ వ్రాయుచున్నాము. శాన్స్ వారి పాఠమునకు 8,000 డాలర్లకు పైబడి అగును. అనగా కొన్ని లక్షల రూపాయలు. సాధారణముగ ఆ రుసుమును ఉద్యోగమిచ్చిన కంపెనీలే చెల్లించును గాని ఇంటినుండి తెచ్చి కట్టువారు తక్కువ. ఇది ఉద్యోగమునకు తొలి మెట్టు కాదు, రెండవదో మూడవదో. నెట్‌వర్కులు నడచు తీరు, కంప్యూటరు తన దినచర్యను వ్రాసికొను లాగు పుస్తకములను చదువుట, కొంచెము పైథాన్ భాష, తప్పులు లేని ఇంగ్లీషున ఒక పుట నివేదిక వ్రాయుట – ఇవి రాని పిల్లవానికి ఆ పత్రము దున్నని చేనిలో చల్లిన సర్టిఫైడు విత్తనమే. నీలిచీటి గల వరి విత్తనము నూటికి 80 మొలచునని మాత్రమే చెప్పును. పంట పండునని చెప్పదు. ఆ చీటికిని 9 నెలల గడువే.

ఇంకొక మోసమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. ఒక పట్టణములోని శిక్షణశాలవారు ఆరు వారములలో అంతర్జాతీయ యోగ్యతాపత్రము నిప్పింతుమని చెప్పి, మేమెరిగిన ఒక కౌలురైతు కుమారునివద్ద లక్షకు మించి పుచ్చుకొనిరి. తీరా వచ్చినది వారే అచ్చువేసికొన్న కాగితము. ఆ తండ్రి ఆ యేడు ఎరువులకు అప్పు చేసెను. నిజమగు పత్రమునకు సంఖ్య యుండును. ఆ సంఖ్యను పరీక్ష జరిపిన సంస్థవారినే నేరుగ అడిగి నిజము తెలిసికొనవచ్చును. డబ్బు కట్టకముందే, ఆ శిక్షణశాలలో చదివి ఉత్తీర్ణులయిన ఇద్దరి పత్రములను ఈ విధముగ సరిచూచుకొనుడు. చూపుటకు సంకోచించినచో లేచి రావలెను.

నేర్చుకొనగోరువానికి డబ్బు లేకయే చాల దూరము పోవచ్చును. మైటర్ వారి పట్టికయు, దానిపై వారి పాఠములును ఉచితము. హ్యూయర్ గ్రంథమును అమెరికా వేగుశాఖవారే ఊరక ఇచ్చుచున్నారు. వార్తలను కూర్చి పంచుకొనుటకు మిస్ప్ అను ప్రోగ్రాము లగ్జెంబర్గు దేశమువారి పోషణలో ఉచితముగ దొరకును. ఒక సంవత్సరము వీనితో కుస్తీ పట్టి, వారమునకొక నివేదిక వ్రాసి, తెలిసినవారిచే తప్పులు దిద్దించుకొన్న యువకుడు ఏ భద్రతా కార్యాలయములోనైనను చిన్న ఉద్యోగమునకు నిలబడగలడు. మిగిలినది ఆ యజమాని రుసుముతో జరుగవలెను.

మన దేశమున ఈ పని చేయువారెవరనగా: 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ దేశమంతటికి కాపరి. 2022 ఏప్రిల్ 28 నాటి వారి ఆజ్ఞ ప్రకారము దాడి తెలిసిన 6 గంటలలో వారికి తెలుపవలెను. రిజర్వు బ్యాంకువారు 1996లో హైదరాబాదులో స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. అను సంస్థలో బ్యాంకులు తమకు తగిలిన దెబ్బలను ఒకరికొకరు తెలుపుకొను కేంద్రము గలదు. ఇక్కడి హెచ్చరికలు బ్యాంకులకు పోవును. బ్యాంకునుండి మన సంఘమునకు వచ్చునప్పటికి అది ఇంగ్లీషు కాగితమై మేకుకు తగిలింపబడును. దానిని చదివి, ‘మనకు దీనితో పనియున్నదా’ అని చెప్పువాడు ఒక్కడు ప్రతి సంఘమునను పేరు పెట్టి నియమింపబడవలెను. అతనికి యోగ్యతాపత్రము అక్కరలేదు. ఈ పత్రికలో పై పుటలలో చెప్పిన మూడు నాలుగు ప్రశ్నలు అడుగగల కార్యదర్శియో, చదువుకొన్న సభ్యుడో చాలును. వచ్చిన హెచ్చరికను తెలుగున నాలుగు పంక్తులలో వ్రాసి పాలకవర్గపు సమావేశమున చదువవలెను. సొమ్ము పోయినట్లు తెలిసిన సభ్యుడెవరైనను కార్యదర్శి కొరకు తెల్లవారువరకు ఆగక, తన ఫోనునుండియే 1930 అను సంఖ్యకు వెంటనే తెలుపవలెను; సొమ్ము చేతులు మారకముందే ఖాతాలను బిగించుటకు వీలగును.